ఏ చట్టాన్ని ‘డ్రకోనియన్’ అనాలి? ఎందుకనాలి?

అసెంబ్లీలో కొత్త బిల్లు పెట్టినప్పుడు, సుప్రీంకోర్టులో ఒక సెక్షన్ మీద వాదనలు జరుగుతున్నప్పుడు, టీవీ చర్చల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘డ్రకోనియన్’. ఇంగ్లీషు పత్రికల్లో అది శీర్షికలకెక్కుతుంది. తెలుగు పత్రికలు దాన్ని ఒకచోట ‘క్రూర చట్టం’ అనీ, ఇంకోచోట ‘నల్ల చట్టం’ అనీ రాస్తాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నోటుబుక్కులో దాని ఎదురుగా ‘క్రూరమైన’ అని రాసుకుని ముందుకు పోతారు. అది తప్పు కాదు గానీ సగమే. మిగతా సగం తెలిస్తేనే ఈ మాటను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలుస్తుంది. అందుకే ఒక్కొక్క ప్రశ్నే తీసుకుని నిదానంగా చూద్దాం.

క్రూరత్వానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలుండగా ఇది ఎందుకు?

క్రూరత్వాన్ని చెప్పే విశేషణాలకు ఇంగ్లీషులో కొదవ లేదు. మనసులో దయ లేకపోవడాన్ని ‘క్రూయల్’ చెబుతుంది. అవతలివాడి బాధ చూసి ఆనందపడే గుణం ‘శాడిస్టిక్’. పశుబలంతో విరుచుకుపడటం ‘బ్రూటల్’. అనుకున్నది సాధించడానికి ఎవరేమైపోయినా లెక్కచేయనివాడు ‘రూత్‌లెస్’. వినగానే ఒళ్లు జలదరించే నేరం ‘హీనస్’.

ఇవన్నీ మనిషి గురించో, మనిషి చేసిన పని గురించో చెప్పే మాటలు. డ్రకోనియన్ దారి వేరు. అది ఒక నియమంలో, ఒక శిక్షలో, అధికారంలో ఉన్నవారు తీసుకున్న ఒక చర్యలో ఉండే క్రూరత్వాన్ని చెబుతుంది. అక్కడ ఎవరికీ ఎవరి మీదా పగ ఉండనక్కర్లేదు. సంతకం చేసిన అధికారి ఇంటి దగ్గర మంచి తండ్రే కావచ్చు. అయినా ఆ కాగితం మీద ఉన్న నియమం మనుషుల్ని నలిపేస్తుంది. ఎందుకంటే అందులో తప్పుకూ శిక్షకూ పొంతన లేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటామే, ఆ బ్రహ్మాస్త్రాన్ని రాజముద్ర వేసి చట్టంగా మార్చితే వచ్చేదే డ్రకోనియన్ చట్టం.

కాబట్టి అర్థం ఇలా రాసుకోవచ్చు: అధికారం ఉన్నవారు విధించిన, తప్పుతో ఏమాత్రం పొంతన లేనంత కఠినమైన (నియమం, శిక్ష, చర్య).

ఈ పేరు ఎవరిది?

ఇది ఒక మనిషి పేరు నుంచి పుట్టిన మాట. గ్రీసులోని ఏథెన్స్ నగరంలో డ్రాకో అనే శాసనకర్త ఉండేవాడు. గ్రీకులో ‘డ్రకోన్’ అంటారు. క్రీ.పూ. 621 ప్రాంతంలో ఆయన ఏథెన్స్‌కు తొలిసారిగా రాతపూర్వకమైన చట్టాలు ఇచ్చాడని చరిత్ర చెబుతుంది.

అంతకుముందు చట్టం పెద్దింటివాళ్ల నోట్లో ఉండేది. రాత లేదు. తగువు తీర్చే పెద్దమనిషి ఏది చెబితే అదే ఆచారం. ఇవాళ ఒకరికి ఒక తీర్పు, రేపు అదే తప్పుకు ఇంకొకరికి ఇంకో తీర్పు. ఎవరైనా హత్యకు గురైతే పగ తీర్చుకునే పని చచ్చిపోయినవాడి బంధువులది. ఒక హత్యకు బదులుగా మరో హత్య, దానికి బదులుగా ఇంకోటి. రాయలసీమ ఫ్యాక్షన్ కథలు విన్నవారికి ఇది ఎలా సాగుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

డ్రాకోకు పదేళ్ల ముందు, క్రీ.పూ. 632 ప్రాంతంలో, కైలన్ అనే పెద్దింటి యువకుడు ఏథెన్స్ మీద అధికారం చేజిక్కించుకోవాలని చూసి విఫలమయ్యాడు. అతని అనుచరులు దేవత శరణు కోరారు. ప్రాణాలకు భయం లేదని చెప్పి బయటికి రప్పించి వారిని చంపేశారు. ఆ నెత్తుటి మచ్చ, ఆ పగలు నగరాన్ని చాలా కాలం వెంటాడాయి. ఇలాంటి వాతావరణంలో, చట్టం ఏమిటో అందరికీ కనబడేలా రాసి పెట్టాలన్న అవసరం వచ్చింది. ఆ పని డ్రాకో చేతుల మీదుగా జరిగింది. చట్టాన్ని రాసి పెట్టడం పేదవాడికి మేలు చేసే పని. ఇవాళ క్రూరత్వానికి పర్యాయమైన పేరు ఒక మేలుతోనే మొదలైంది.

మరి ఆయన పేరు ఎందుకు చెడిపోయింది?

శిక్షల వల్ల. డ్రాకో తర్వాత సుమారు 700 ఏళ్లకు గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ రాసిన దాని ప్రకారం, ఆ చట్టాల్లో దాదాపు ప్రతి నేరానికీ ఒకటే శిక్ష: మరణం. సోమరిగా తిరిగినా అదే శిక్ష. తోటలో కూరగాయలో పండ్లో దొంగిలించినా, గుడిని దోచినా, మనిషిని చంపినా అదే శిక్ష. ఆ చట్టాలు సిరాతో కాదు, నెత్తురుతో రాసినవని డెమేడీస్ అనే వక్త క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో అన్నాడట. ఇంత కఠినంగా ఎందుకు రాశావని ఎవరో డ్రాకోనే అడిగితే, చిన్న తప్పులకు మరణశిక్షే తగినదని, పెద్ద తప్పులకు అంతకంటే పెద్ద శిక్ష తన దగ్గర లేదని బదులిచ్చాడట. ఈ సంభాషణ నిజంగా జరిగిందో లేదో గానీ, డ్రకోనియన్ అనే మాటలోని సారమంతా ఆ జవాబులో ఉంది. పండ్ల దొంగకూ హంతకుడికీ తేడా చూడలేని చట్టం అది.

అరిస్టాటిల్ కూడా డ్రాకో గురించి ఒక చోట క్లుప్తంగా తేల్చేశాడు: ఆ చట్టాల్లో శిక్షల తీవ్రత తప్ప ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఏమీ లేదని. క్రీ.పూ. 594 ప్రాంతంలో సోలన్ అనే మరో శాసనకర్త అధికారంలోకి వచ్చి డ్రాకో చట్టాలన్నిటినీ రద్దు చేశాడు. ఒక్క హత్యా చట్టాన్ని మాత్రం అలాగే ఉంచాడు.

ఆ ఒక్కదాన్నీ ఎందుకు ఉంచాడు?

అది మంచి చట్టం కాబట్టి. ఈ విషయం తెలియక చాలామంది డ్రాకోను ఒట్టి రాక్షసుడిగా ఊహించుకుంటారు. క్రీ.పూ. 409–408లో ఏథెన్స్ ప్రభుత్వం ఆ హత్యా చట్టాన్ని మళ్లీ రాతి మీద చెక్కించి నగరం నడిబొడ్డున నిలబెట్టింది. ఆ రాయి 1843లో దొరికింది. చాలా భాగం అరిగిపోయినా చదవగలిగినంత మిగిలింది. ఇప్పుడది ఏథెన్స్‌లోని శాసనాల మ్యూజియంలో ఉంది.

అందులో మొట్టమొదటి నిబంధనే ముందస్తు ఆలోచన లేకుండా చంపినవాడి గురించి. అలాంటివాడికి శిక్ష దేశ బహిష్కారం. మరణం కాదు. నేరం జరిగిందా లేదా అని తేల్చడానికి 51 మంది న్యాయనిర్ణేతలు. చనిపోయినవాడి తండ్రి, అన్నదమ్ములు, కొడుకులు అందరూ ఒప్పుకుంటే హంతకుణ్ణి క్షమించవచ్చు. ఒక్కరు కాదన్నా క్షమాపణ లేదు. ఆ దగ్గరి బంధువులు ఎవరూ బతికి లేకపోతే దాయాదుల వరుసలో ఎవరిని అడగాలో కూడా చెప్పింది. ఇంకో గొప్ప సంగతి: బహిష్కృతుడు సరిహద్దు సంతలకూ, ఆటల పోటీలకూ, ఉమ్మడి పూజలకూ దూరంగా ఉన్నంత కాలం అతణ్ణి ఎవరైనా చంపితే, అది ఏథెన్స్ పౌరుణ్ణి చంపినదానితో సమానమైన నేరం. అంటే హంతకుడి ప్రాణానికి కూడా ఆ చట్టం కాపలా కాసింది. పగను బంధువుల చేతుల్లోంచి తీసి విచారణ చేతిలో పెట్టింది.

తెలిసి చేసిందానికీ తెలియక చేసిందానికీ తేడా చూసిన చట్టం రెండు వందల ఏళ్ల తర్వాత కూడా రాతికెక్కింది. ఆ తేడా చూడని చట్టాలు ఒక తరం కూడా నిలవలేదు. ఈ మాట అర్థం పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

డ్రాగన్‌కూ ఈ మాటకూ చుట్టరికం ఉందా?

ఉంది, పేరు వరకే. గ్రీకులో ‘డ్రకోన్’ అంటే పెద్ద పాము. నిశితంగా చూసేది అని దాని మూలార్థం. మన ‘దృష్టి’, ‘దర్శనం’ పుట్టిన ‘దృశ్’ ధాతువుకూ దానికీ దూరపు బంధుత్వం ఉందని భాషావేత్తలు చెబుతారు. ఇంగ్లీషు ‘డ్రాగన్’, ఆకాశంలోని ‘డ్రాకో’ నక్షత్రరాశి, హ్యారీ పోటర్ కథలోని డ్రాకో మాల్ఫాయ్ పేరు, అన్నీ ఆ గ్రీకు మాట సంతానమే. డ్రాగన్‌లాంటిది అని చెప్పాలంటే ఇంగ్లీషులో ఎక్కువగా ‘డ్రకోనిక్’ వాడతారు. డ్రకోనియన్ మాత్రం శాసనకర్త తాలూకు మాట. పలికేటప్పుడు ఒత్తు ‘కో’ మీద పడాలి.

శిక్ష ఎంత పెద్దదైతే జనం అంత భయపడతారు కదా?

ఈ వాదన ప్రతి తరంలోనూ వస్తుంది. దానికి ఇంగ్లండ్ చరిత్రే జవాబు. 18వ శతాబ్దంలో, 19వ శతాబ్దం మొదట్లో అక్కడ 200కు పైగా నేరాలకు ఉరిశిక్ష ఉండేది. ఆ వ్యవస్థకు చరిత్రలో ‘బ్లడీ కోడ్’ అనే పేరు స్థిరపడింది. ఇంట్లోంచి 40 షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలిస్తే ఉరి. దుకాణంలో 5 షిల్లింగుల సరుకు ఎవరూ చూడకుండా తీస్తే ఉరి.

ఏం జరిగింది? దొంగను పట్టుకున్నవాళ్లు ఒక బక్కప్రాణిని ఉరికంబం ఎక్కించడం ఇష్టంలేక కేసు పెట్టడం మానేశారు. కేసు పెట్టినా జ్యూరీలు అడ్డుపడ్డాయి. దొంగతనం జరిగిందని ఒప్పుకుంటూనే, పోయిన సొత్తు విలువ 39 షిల్లింగులేనని తీర్పు రాసేవి. ఒక్క షిల్లింగు తగ్గిస్తే ఒక ప్రాణం నిలబడుతుంది. దైవభక్తులు కూడా ఆ అబద్ధాన్ని పుణ్యంగానే లెక్కగట్టారు. శామ్యూల్ రోమిలీ లాంటివారు పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడారు. 1808లో జేబు దొంగతనానికి ఉరిశిక్ష పోయింది. తర్వాతి దశాబ్దాల్లో మిగతావీ ఒక్కొక్కటే రాలిపోయాయి.

మితిమీరిన శిక్ష భయపెట్టడం మాట అటుంచి, అమలుకే నోచుకోదు. అమలు చేయాల్సినవాళ్ల మనసే ఎదురు తిరుగుతుంది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఇదే సంగతి పరిపాలకుడికి చెప్పాడు: కఠినంగా దండించేవాణ్ణి చూసి జనం బెదిరిపోతారు, మెతకగా దండించేవాణ్ణి లెక్కచేయరు, తగినట్టుగా దండించేవాణ్ణి గౌరవిస్తారు. ‘యథార్హ దండం’ అంటే అదే, తప్పుకు తగిన శిక్ష. డ్రకోనియన్‌కు సరైన వ్యతిరేకపదం కావాలంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

మన దేశంలో ఈ మాట ఏ చట్టాలకు సరిగ్గా అతుకుతుంది?

మొదట గుర్తొచ్చేది 1919 నాటి రౌలట్ చట్టం. విచారణ లేకుండా నిర్బంధించవచ్చు. ప్రత్యేక కోర్టు ఇచ్చిన తీర్పు మీద అప్పీల్ లేదు. న వకీల్, న దలీల్, న అపీల్ (వకీలు లేదు, వాదన లేదు, అప్పీలు లేదు) అని జనం ఒక్క ముక్కలో దాని స్వరూపం చెప్పేశారు. ఆ ఏప్రిల్‌లోనే జలియన్‌వాలా బాగ్ మారణకాండ జరిగింది. ప్రజాగ్రహం ముందు నిలవలేక 1922లో ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసుకుంది.

మన తెలుగు నేలకు ఇంకా దగ్గరి ఉదాహరణ నేరస్థ జాతుల చట్టం. 1871లో మొదలైన ఈ చట్టం 1911 నాటి సవరణ రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక జాతిని మొత్తంగా ‘నేరస్థ జాతి’ అని ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఆ ప్రకటన చెల్లదని కోర్టులో వాదించే వీలు లేదు. ఆ జాతిలో పుట్టినవాళ్లు పోలీసు రికార్డులో వేలిముద్రలు వేయాలి, వేళకు హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ పట్టుకోవాలి. ఎరుకల వంటి కులాలవారిని సెటిల్‌మెంట్లకు తరలించారు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ దాన్ని నడిపింది.

ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న కుటుంబాలు అవి. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. తిరగడమే వాళ్ల బతుకు, తిరగడాన్నే చట్టం అనుమానంగా చూసింది. పొత్తిళ్లలో ఉన్న బిడ్డ ఏ నేరం చేశాడని? ఈ చట్టంలో శిక్షకు ముందు తప్పే లేదు, పుట్టుక మాత్రమే ఉంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఇది రద్దయింది. ఆ జాతులను ఇప్పుడు విముక్త జాతులు అంటున్నాం. స్టూవర్టుపురం పేరు చెప్పగానే మొహం అదోలా పెట్టే అలవాటు మాత్రం మనలో చాలామందికి ఇంకా పోలేదు. కాగితం మీద రద్దయిన చట్టం మనసుల్లో రద్దవడానికి ఎంత కాలం పడుతుందో చెప్పే సాక్ష్యం అది.

స్వతంత్రం వచ్చాక కూడా ఇలాంటివి ఉన్నాయి. భారత శిక్షాస్మృతి 303వ సెక్షన్ ప్రకారం, యావజ్జీవ ఖైదులో ఉన్నవాడు హత్య చేస్తే మరణశిక్ష తప్ప వేరే దారి లేదు. ఏ పరిస్థితిలో చేశాడో చూసే వీలు జడ్జికి లేదు. 1983లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి ఆ ధర్మాసనంలో ఉండి, ఏకీభవిస్తూనే విడిగా తీర్పు రాశారు. నేరం రుజువు కాగానే న్యాయమూర్తి చేతిలోని తక్కెడను చట్టం లాగేసుకుంటోందన్నది ఆయన అభ్యంతరం.

కొన్నిసార్లు శిక్ష కంటే అస్పష్టతే ప్రమాదకరం. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ అలాంటిది. చిరాకు, అసౌకర్యం కలిగించే సందేశాలకు కూడా మూడేళ్ల వరకు జైలు. ఎవరికి చిరాకు, ఎంత చిరాకు అనేది ఎక్కడా లేదు. 2012లో మహారాష్ట్రలో బంద్ గురించి ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక వ్యాఖ్య మీద ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

వాక్యంలో ఎలా వాడాలి?

డ్రకోనియన్ పక్కన సహజంగా కూర్చునే మాటలు కొన్ని ఉన్నాయి: లా, రూల్, పనిష్మెంట్, మెజర్స్, పెనాల్టీ, కట్స్. చివరిది కొత్త అర్థం. బడ్జెట్లో ఆసుపత్రులకో బడులకో ఇచ్చే డబ్బును ఒక్కసారిగా కోసేస్తే ‘డ్రకోనియన్ కట్స్’ అంటారు. హంతకుణ్ణి డ్రకోనియన్ అనరు. భూకంపాన్నీ, రోగాన్నీ, మొగుడు పెళ్లాన్ని కొట్టడాన్నీ అనరు. కటువుగా మాట్లాడే మేనేజరుకు ‘హార్ష్’ చాలు. ఆయన పెట్టిన నియమం మనుషుల్ని నలిపేస్తుంటే అప్పుడు ఆ నియమాన్ని డ్రకోనియన్ అనొచ్చు. ఈ మాట ఎన్నడూ మెచ్చుకోలుగా రాదు. ఒకప్పుడు పెద్ద అక్షరంతో మొదలుపెట్టి రాసేవారు. ఇప్పుడు ఎక్కువమంది చిన్న అక్షరంతోనే రాస్తున్నారు.

అనుమానం వస్తే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. విధించినవారి చేతిలో అధికారం ఉందా? అది నియమమో, శిక్షో, చర్యో అయి ఉందా? తప్పుకూ శిక్షకూ మధ్య పొంతన పూర్తిగా పోయిందా? చిన్నాపెద్దా తేడా చూసే వీలు, అప్పీల్ చేసుకునే దారి మూసేశారా? మొదటి మూడింటికీ అవునని జవాబు వస్తే మాట అతికినట్టే. నాలుగోదీ తోడైతే ఇక సందేహం అక్కర్లేదు.

హెల్మెట్ లేనందుకు వెయ్యి రూపాయల జరిమానా జేబుకు బరువే, కానీ డ్రకోనియన్ కాదు. మెయింటెనెన్స్ ఒక నెల ఆలస్యమైందని అపార్ట్‌మెంట్ సంఘం ఒక ఇంటికి నీళ్లు ఆపేస్తే, అది డ్రకోనియన్. హాస్టల్‌లో రాత్రి పదికి లైట్లు ఆపమనడం క్రమశిక్షణ. లైటు వేసిన ఒక్క పిల్లవాడి కోసం వార్డు మొత్తానికీ నెలంతా ఇంటికి ఫోను చేసుకోనివ్వకపోవడం డ్రకోనియన్.

వార్తలు రాసేవారికి ఒక మాట. ఇది తీర్పు చెప్పే పదం. వార్తలో సొంత గొంతుతో వాడితే పక్షం వహించినట్టే. ఎవరు అన్నారో వారి పేరుతో రాయాలి. సంపాదకీయంలో అయితే ఎందుకంటున్నారో కారణాలతో సహా రాయాలి.

తెలుగులో ఏమనాలి?

సందర్భాన్ని బట్టి ‘కర్కశ చట్టం’, ‘మితిమీరిన శిక్ష’, ‘నిరంకుశ నిబంధన’ సరిపోతాయి. ‘నల్ల చట్టం’ ఉద్యమాల్లోంచి వచ్చిన మాట, జనం నోట నానింది, బాగుంది. ‘కిరాతక చట్టం’ అనే మాటను మాత్రం వదిలేద్దామని నా మనవి. కిరాతులంటే కొండల్లో, అడవుల్లో వేటాడి బతికిన జనం. వాళ్ల పేరునే క్రూరత్వానికి పర్యాయం చేసేశాం. అడవి చట్టాల కిందా, నేరస్థ జాతుల చట్టం కిందా నలిగిపోయింది అలాంటి జనమే. వాళ్లను నలిపిన చట్టాన్ని మళ్లీ వాళ్ల పేరుతోనే పిలవడం అన్యాయం.

చివరగా ఒక విన్నపం. నచ్చని ప్రతి నిబంధననూ డ్రకోనియన్ అనేస్తే, ఆ మాట నిజంగా అవసరమైన రోజున ఎవరి చెవికీ ఎక్కదు. దాన్ని పొదుపుగా వాడండి. తప్పుకూ శిక్షకూ పొంతన పోయిన చట్టం కనబడినప్పుడు మాత్రం, అది ఏ పార్టీ ప్రభుత్వం తెచ్చినా, ఎవరి మీద ప్రయోగించినా, ఆ మాట అనడానికి వెనకాడకండి. ఎందుకంటున్నారో కారణం కూడా చెప్పండి.